కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

పార్కు మరమ్మతులు, వీధి దీపాల వివరాలు జమాఖర్చుల పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా చర్చించిన అంశం ఒక్కటే. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, అంటే రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో కుక్కను ఉంచుకోవచ్చా? కుక్కను ఎవరికైనా ఇచ్చేయమని బంధువులు పట్టుబడుతున్నారంటూ కొన్ని కుటుంబాలు మమ్మల్ని అడగడంతో, ఒక వైద్యుణ్ణి, ఒక పశువైద్యుణ్ణి పిలిపించి అవగాహన సదస్సు జరిపాం.

సాధారణంగా కుక్కను వదులుకోనక్కర్లేదని, అలవాట్లు మార్చుకుంటే చాలని ఇద్దరూ చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోటిలోనే క్యాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా ఉంటుందని, దానివల్ల మామూలు మనిషికి హాని అరుదే అయినా, ప్లీహం తీసేసినవారికి, మద్యం అతిగా తాగేవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అది రక్తంలో చేరి ప్రాణం మీదికి తేగలదని, అందుకు కాటే అక్కర్లేదని, పుండును నాకినా రావచ్చని వివరించారు. లక్షణాలు సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో, ఒక్కోసారి 14 రోజుల వరకు ఎప్పుడైనా బయటపడవచ్చు కాబట్టి, ఈలోగా జ్వరం వస్తే కుక్క సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఆదివారం చికెన్ షాపు నుంచి కోడికాళ్లు, తోలు కవర్లో తెచ్చి, లిఫ్టులో నీళ్లు కారుతుండగా పట్టుకెళ్లి పచ్చివే కుక్కకు వేసే అలవాటు మనలో ఉంది. విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఇంట్లోకి వచ్చే దారుల్లో అదొకటి. ఉడికించి పెట్టడం పెద్ద పనేమీ కాదు. విరేచనాలవుతున్న కుక్కపిల్లను రోగి ముట్టుకోకూడదు, మలం ఎత్తే పని ఇంట్లో వేరొకరు చేయాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసినవాళ్లం కనుక వరద నీటి ద్వారా సోకే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) గురించీ అడిగాం. ఆ జ్వరాన్ని కలిగించే సూక్ష్మజీవి కుక్క మూత్రంలోనూ వెలువడుతుందని, దీనికి కుక్కలకు ఏటా టీకా వేయించాలని పశువైద్యుడు చెప్పారు.

కుక్క కరిచినా, గీరినా పసుపు, సున్నం పూయకుండా సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి రక్తం రాని చిన్న గీరుడుకైనా రేబిస్ టీకా ఒక్కటే సరిపోదు, ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను ఎదుర్కొనే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. ఆసుపత్రిలో తమ జబ్బు సంగతి ముందే చెప్పడం రోగి వంతు.

కుక్కల టీకా రిజిస్టరులో కొందరు సభ్యులు ఇంకా వివరాలు నమోదు చేయలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలోపు టీకా కార్డు నకలు కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యవర్గం