ఇసినోఫిల్స్ పెరిగితే ముందు కారణం వెతకాలి

సంపాదకులకు,

రక్తపరీక్ష రిపోర్టులో ఇసినోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 9 శాతం అని కనపడగానే తమకు 'ఇస్నోఫీలియా' ఉందని నిర్ధారించుకుని, ఏళ్ల తరబడి సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర మింగేవారు మన ఊళ్లలో కోకొల్లలు. ల్యాబులో పనిచేసేవాడిగా నేను చెప్పేదేమిటంటే, శాతం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేము. మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 5,000 ఉన్నవారిలో 9 శాతమంటే 450, అది మామూలే; 14,000 ఉన్నవారిలో అదే శాతం 1,260 అవుతుంది. ఇసినోఫిల్స్ సంఖ్య మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువ. 1,500 దాటి తగ్గకుండా ఉంటే మాత్రం గుండె, ఊపిరితిత్తులు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక కారణం తేలేదాకా వదలకూడదు.

కారణాలలో ఆస్తమా, అలర్జీలు అందరికీ తెలిసినవే. మందులు పడకపోవడమూ ఒక కారణం. ఫిట్స్ మాత్రలో, గౌట్ అనే కీళ్లజబ్బుకు వాడే అల్లోప్యూరినాలో మొదలుపెట్టిన కొన్ని వారాలకు జ్వరం, ఒంటినిండా దద్దుర్లు వచ్చాయా అన్నది అడిగితేనే బయటపడుతుంది. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలతో 3,000 దాటిన కౌంటు ఉంటే ఫైలేరియా (బోదకాలు) పురుగు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును అనుమానించాలి. టీబీని తలపించే ఈ స్థితిని 1940లోనే మన మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు ఫ్రిమోడ్ట్-మోలర్, బార్టన్ వర్ణించారన్నది ఈ జిల్లావాళ్లకే పెద్దగా తెలియదు. దానికి డైఇథైల్‌కార్బమజైన్ అనే ఫైలేరియా మందు బాగా పనిచేస్తుంది. అలాగని కౌంటు 600 ఉన్న ప్రతివారికీ అదే రాసివ్వడం వైద్యం కాదు.

అన్నిటికంటే భయపెట్టేది స్టెరాయిడ్ ఇంజెక్షన్. మొన్న ఒక రైతు తెచ్చిన రెండు రిపోర్టులలో మొదటిది 2,400, ఇంజెక్షన్ తర్వాతిది 100. జబ్బు నయమైందనే ఆయన నమ్మకం. స్టెరాయిడ్ పడితే కారణం ఏదైనా కౌంటు గంటల్లోనే పడిపోతుంది. వట్టికాళ్లతో పొలంలో తిరిగేవారి చర్మం గుండా లోపలికి చేరే స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు పేగుల్లో దశాబ్దాలు ఉండగలదు. అది ఉన్నవారికి స్టెరాయిడ్ ఇస్తే పురుగులు విపరీతంగా పెరిగి ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు. ఒక్కసారి మలపరీక్షలో కనపడకపోతే లేదనుకోరాదు. వేర్వేరు రోజుల నమూనాలు గానీ, యాంటీబాడీ పరీక్ష గానీ అవసరం. ఇవేవీ తేల్చకపోతే ఎముక మజ్జ పరీక్షదాకా వెళ్లవలసి రావచ్చు.

చిన్న ల్యాబులు చాలావరకు ఇప్పటికీ శాతమే ముద్రిస్తున్నాయి. ప్రతి రిపోర్టులోనూ దాని పక్కన అసలు సంఖ్య కూడా ఉండేలా వైద్యశాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, మదనపల్లె