పాత బండ్ల వైరింగ్: రేటు ఎందుకు పెంచుతున్నామంటే

రాయగడ, గుణుపూర్, అటు పార్వతీపురం నుంచి మా షెడ్డుకు పాత జావా, ఎజ్డీ, బుల్లెట్ మోటార్‌సైకిళ్లు తెచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి పూర్తి వైరింగ్‌కి 3,200 బదులు 4,500 తీసుకుంటాం. బండి కూడా వారం దాకా మా దగ్గరే ఉండాలి. కారణం చెప్పకుండా ఎక్కువ అడగడం నాకిష్టం లేదు.

"ఈ వైర్ల గోల తగ్గించండి" అంటూ చాలామంది వస్తున్నారు. ఇండికేటర్లు పీకేయమంటారు, కొందరు బ్రేక్ లైటు కూడా వద్దంటారు. ఆ పని మేం చేయం. లక్ష్మీపూర్ మీదుగా ఘాట్ రోడ్డులో పొగమంచు దిగితే వెనక లారీవాడికి మీరు కనిపించేది ఆ ఎర్ర లైటుతోనే. మేం తగ్గించేది జాయింట్లని.

మొన్న పేపరు మిల్లులో నైట్ షిఫ్టు చేసే ఒకాయన జావా తెచ్చారు. హ్యాండిల్ ఎడమకు తిప్పితే హెడ్‌లైట్ మసకబారుతోంది, నిటారుగా పెడితే మళ్లీ వెలుగుతోంది. డూమ్ (హెడ్‌లైట్ డొప్ప) విప్పాం. వైర్లు ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టేశారు. టేపు జిగురంతా కారిపోయింది, రాగి పచ్చబడింది. అయినా అసలు దోషం అక్కడ లేదు. లైటుకి విడిగా ఎర్త్ వైరు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరు, లేదు; కరెంటు ఫ్రేము గుండానే వెనక్కి పోవాలి. దారిలో స్టీరింగ్ మెడలోని బేరింగ్ బాల్స్, వాటి నిండా గ్రీజు, పైగా కొత్తగా కొట్టించిన, కరెంటు పారనివ్వని పౌడర్ కోటింగ్ రంగు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస డూమ్ బాడీకి పెట్టి లైటు వేస్తే ఒక వోల్టు దాకా చూపించింది. 6 వోల్టుల బండిలో ఒక వోల్టు అక్కడే పోతే వెలుగు ఇంచుమించు సగం పోయినట్టే. 12 వోల్టుల బండిలో 35 వాట్ల బల్బుకి 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల్లో దాదాపు 6 కావాలి. అందుకే ఈ పాత బండ్లు వదులు జాయింటుని అసలు ఓర్చుకోవు.

ఆ ఒక్క ఎర్త్ వైరు వేసి పంపేస్తే ఆయన ఆ రోజే సంతోషంగా వెళ్లిపోయేవారు. కానీ ఆ పచ్చబడ్డ రాగి వర్షాకాలం దాటదు. ఇకమీదట అతుకు పనులు తీసుకోం. పాత లూమ్ (బండి వైర్ల కట్ట) మొత్తం తీసేసి, స్విచ్చు నుంచి లైటు దాకా మధ్యలో అతుకు లేని కొత్త వైరు లాగుతాం. మెయిన్ లైనుకి 1.5 స్క్వేర్ ఎంఎం మంచి రాగి. హెడ్‌లైట్, టెయిల్ లైట్, ఇంజను, మూడింటి ఎర్త్ వైర్లూ నేరుగా బ్యాటరీ మైనస్‌కే. ప్లస్ పక్కనే ఫ్యూజు. స్టీరింగ్ మెడ దగ్గర వైరు కాస్త వదులుగా వదిలి హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తాం, లోపల రాగి తెగేది ఎక్కువగా అక్కడే. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి సీటు కింద పెట్టి ఇస్తాం. రేపు మీ ఊరి మెకానిక్ విప్పినా తికమకపడకూడదు. రేటు పెరిగింది ఈ రాగికీ, ఈ ఓపికకీ.

బ్యాటరీ తీసేసి కెపాసిటర్ పెట్టమని అడిగేవాళ్లకు ఒక మాట. పాత జావా డైనమో కిక్కు కొట్టే వేగానికి సరిపడా కరెంటు ఇవ్వదు. మొదటి స్పార్కుకి, దాన్ని పుట్టించే కాయిల్ బ్యాటరీ మీదే ఆధారపడాలి. ఆ డైనమో మొత్తం శక్తే 45 వాట్లు, కాబట్టి పెద్ద బల్బు కూడా అడగవద్దు. రాత్రంతా నడిపితే బ్యాటరీ దిగిపోతుంది.

బండితో పాటు పాత స్విచ్చులు, కటౌట్ బాక్సు (డైనమో నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపుచేసే పెట్టె), విరిగినవైనా సరే, తీసుకురండి. బాగుచేయగలిగినవి బాగుచేస్తాం, కొత్తవి కొనిపించం. బెంచి దగ్గర ఒక్క బండికే చోటుంది. కొరాపుట్ వైపు నుంచి దిగేవాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేయండి.