అమ్మడూ, ఆ పిట్ట మీద కోపం పెట్టుకోకు

భీమవరం,
ఆగస్టు 31.

అమ్మడూ,

నిన్న నువ్వు పంపిన ఫోటో చూసి మీ అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. సైకిల్ మీద వెళుతుంటే ఆ మ్యాగ్‌పై పిట్ట వచ్చి పొడిచింది, చెవి పైన గీరుకుపోయింది అంతే అని నువ్వు అంటున్నావు కానీ, ఆ గీత కంటికి ఎంత దగ్గరలో ఉందో మాకు కనపడుతూనే ఉంది. టీటీ ఇంజక్షన్ వేయించుకున్నావా? ముందు ఆ సంగతి చెప్పు.

ఫోన్లో నువ్వు అన్న ఇంకో మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. "ఈ ఊళ్ళో పిట్టలకు కూడా నేనంటే పడదు నాన్నా" అన్నావు. ఆస్ట్రేలియాలో ఆ బ్రిస్బేన్ వెళ్ళి రెండు నెలలు కాలేదు, ఇంకా గట్టిగా నలుగురు స్నేహితులు కూడా లేరు. ఆ బాధలో అన్నావని తెలుసు. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

నీ మూడో క్లాసు అయిపోయిన వేసవి గుర్తుందా? పెరట్లో బాదం చెట్టు మీద కాకి గూడు పెట్టింది. పుల్లలతో పాటు ఇనప తీగ ముక్కలు కూడా ఏరుకొచ్చి పేర్చేది, నువ్వు కింద నిలబడి లెక్కపెట్టేదానివి. ఒక పొద్దున, ఈకలు ఇంకా సరిగా రాని పిల్ల ఒకటి బావి దగ్గర పడి ఉంది. పిల్లులు తినేస్తాయని చేటలోకి ఎత్తి గోడ మీద పెట్టాను. సాయంత్రానికి అది చచ్చిపోయింది. నేను కాపాడదామనుకున్నాను. చెట్టు మీద నుంచి చూసిన కాకికి మాత్రం, ఒక మనిషి తన పిల్లను పట్టుకున్నాడు, తర్వాత పిల్ల లేదు.

ఆ రోజు నుంచి నెల రోజులు నేను గుమ్మం దాటితే చాలు, వెనక నుంచి వచ్చి నెత్తిన తన్నేది. కాకి తన్నడం మంచిది కాదు, శని ఉందని మామ్మ కంగారుపడింది. నాకు తలంటు పోయించి, శనివారం గుళ్ళో నువ్వుల నూనె దీపం పెట్టించింది. పెద్దావిడ నమ్మకం, నేను కాదనలేదు. కానీ అదే చెట్టు కింద మీ అమ్మ బట్టలు ఆరేసుకుంటుంటే కాకి ఏమీ అనేది కాదు. పాలబ్బాయి జోలికి వెళ్ళేది కాదు. ఒకరోజు మీ బాబాయి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాను. అయినా వచ్చి తన్నింది. దానికి నా మొహం తెలుసు.

అదే కాకి మధ్యాహ్నం అయ్యేసరికి మామ్మ కోసం పిట్టగోడ మీద కూర్చునేది. మనం ఎవరం కంచం ముందు కూర్చోకముందే ఆవిడ పప్పన్నం ముద్ద తీసుకెళ్ళి పెట్టేది కదా, ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకునేలోపే కాకి దిగేది. వంట ఆలస్యమైన రోజు కిటికీ ఊచల దగ్గరికి వచ్చి పిలిచేది. నన్ను తన్నిన పిట్టే ఆవిడ పక్కన నిలబడి నింపాదిగా అన్నం తినేది.

ఇది నా ఊహ కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికాలో, సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. 2006లో ఆయన బృందం వాళ్ళు ఆదిమానవుడి మాస్కు పెట్టుకుని ఏడు కాకులను పట్టి, కాళ్ళకు రింగులు వేసి వదిలేశారు. తర్వాత ఆ మాస్కుతో ఎవరు నడిచినా, ఆడైనా మగైనా, కాకులు మూగి అరిచేవి. వేరే మాస్కుతో వెళితే పెద్దగా పట్టించుకునేవి కావు. మొదటి కొన్నేళ్ళలో ఆ మాస్కును చూసి అరిచే కాకులు తగ్గకపోగా పెరిగాయి. ఎన్నడూ పట్టుబడని కాకులు, అప్పటికి పుట్టని కాకులు కూడా మిగతావాటిని చూసి ఆ మొహాన్ని నేర్చుకున్నాయి.

ఇక నిన్ను పొడిచిన పిట్ట సంగతి. నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఖాళీ దొరికితే దాని గురించే చదువుతున్నాను. పేరు మ్యాగ్‌పై అయినా, యూరప్ మ్యాగ్‌పైకి దగ్గర చుట్టం కాదు. నలుపు తెలుపు చూసి తెల్లవాళ్ళు పెట్టిన పేరది. నీ మీదికి వచ్చింది దాదాపుగా మగపిట్టే అయి ఉంటుంది, తండ్రి అన్నమాట. పెట్ట గుడ్ల మీద ఉంటే, పిల్లలు ఇంకా గూట్లో ఉంటే, అటువైపు వచ్చినవాళ్ళ మీదికి దూకుతుంది. అది కూడా అన్ని మగపిట్టలూ కాదు, పదింటిలో ఒకటి, అంతకన్నా తక్కువే. మీ ఊళ్ళోనే గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో డారిల్ జోన్స్ అనే ఆయన ఈ పిట్టల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. కొన్ని పిట్టలు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళనే, కొన్ని నడిచేవాళ్ళనే, కొన్ని ఉత్తరాలు పంచేవాళ్ళనే ఎంచుకుంటాయట. నీ సైకిలే దానికి గిట్టలేదేమో. మామూలుగా అవి ఏళ్ళ తరబడి ఒకే చోటు వదలవు. తమ హద్దులో తిరిగే మనుషుల మొహాలు వాటికి తెలుసు. రెండు నెలల క్రితం వచ్చిన నువ్వు దానికి ఇంకా ఎవరో తెలియని మనిషివి.

ఇంకొకటి చదివి, వంటింట్లో ఉన్న మీ అమ్మను పిలిచి మరీ వినిపించాను. సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో బయటపెట్టిన సంగతి ఇది. ఎక్కడెక్కడ తిరుగుతాయో చూద్దామని ఐదు మ్యాగ్‌పైల వీపులకు చిన్న ట్రాకర్లు కట్టారు. అవి ఊడిరాకుండా ఉండే పట్టీ తయారుచేయడానికి ఆరు నెలలు పట్టింది. చివరి ట్రాకర్ కట్టి పది నిమిషాలు కాకముందే, ఒంటి మీద ట్రాకర్ లేని ఒక పెద్ద ఆడపిట్ట వచ్చి, చిన్నదాని పట్టీని ముక్కుతో లాగడం మొదలుపెట్టింది. మూడో రోజుకి గుంపుకు పెద్ద అయిన మగపిట్ట ట్రాకర్ కూడా ఊడిపోయింది. తనకు ఒరిగేదేమీ లేకపోయినా సాటి పిట్ట కోసం అలా కూర్చుని విప్పింది చూడు. అలాంటి పిట్టను నువ్వు శత్రువు అనుకోవడం నాకు ఇష్టం లేదు.

నాకూ మన కాకికీ సంధి ఎలా కుదిరిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మామ్మే కుదిర్చింది. కార్తీక మాసంలో ఒకరోజు "నా పక్కన వచ్చి నిలబడరా, ఊరికే నిలబడు" అంది. రోజూ నిలబడ్డాను. కొన్నాళ్ళకు ముద్ద నా చేతికి ఇచ్చింది. నేను పెట్టిన ముద్దను కాకి ముట్టుకునేది కాదు, నేను లోపలికి వెళ్ళాక తినేది. సంక్రాంతి దాటాక ఒకరోజు, నేను మూడడుగుల దూరంలో ఉండగానే దిగింది. తల పక్కకి తిప్పి ఒక కంటితో నన్నే చూస్తూ తింది. నాకు కళ్ళు చెమర్చాయి. లోపలికి వచ్చి చెబితే మామ్మ "ఆఁ, తెలిసిందిలే దానికి" అని తన పని తను చేసుకుంది.

నువ్వు అక్కడ ముద్దలు పెట్టకు. కొందరు పచ్చి ఖీమా వేస్తారట, అందులో కాల్షియం చాలక పిట్టలకు మంచిది కాదంటున్నారు. పెరట్లో పళ్ళెంతో నీళ్ళు పెట్టు, చాలు. ఈ ఆరు వారాలు వీలైతే ఆ చెట్టు దారి మానుకో. తప్పకపోతే సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళు, కళ్ళద్దాలు తప్పకుండా పెట్టుకో. పరిగెత్తకు, చేతులు ఊపకు, రాయి మాత్రం ఎత్తనే వద్దు. పిల్లలు గూడు వదిలాక అదే దారిన రోజూ, తొందర లేకుండా వెళ్ళు. మొహం దాచుకోకు. కాసేపు నిలబడి చూడు, దాన్నీ నిన్ను చూడనీ. వచ్చే ఏడు మళ్ళీ గూడు కట్టే వేళకు నీ మొహం దానికి పాతదై ఉండాలి. తెల్లవారుజామున అవి గుంపుగా పాడతాయట కదా, ఒకసారి ఫోన్లో రికార్డు చేసి పంపు. మీ అమ్మ వినాలంటోంది.

ఇక్కడ పన్నెండున్నర అయింది. మామ్మ పోయాక ముద్ద పెట్టే పని నాదే. ఇప్పుడు వచ్చేది ఆ కాకో, దాని పిల్లో, కిటికీ దగ్గరికి వచ్చి రెండుసార్లు పిలిచింది. అన్నం తీసుకుని వెళ్ళాలి. సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ నాన్న