చుక్క జబ్బు, ఎనిమిది డబ్బాల నూనె, మీకు చెప్పాల్సిన మాట

మా గానుగ దగ్గర నూనె తీసుకునే అన్నలకు, అక్కలకు, పెద్దలందరికీ నమస్తే.

శ్రావణంలో మూడు రోజులు మా షట్టర్ దించి ఉంది. ఆ తర్వాత రెండు వారాలు పల్లి నూనె లేదని చెప్పి మిమ్మల్ని ఉత్త చేతులతో పంపించాను. ఎందుకని అడిగినవాళ్లకు "ఇంట్లో కొంచెం పని పడింది" అన్నాను. అది నిజం కాదు. ఈలోగా వాట్సాప్‌లో ఒక మాట తిరిగింది: "గానుగోళ్ల పిల్లికి విషం ఎక్కిందంట, నూనె చూసుకొని తీసుకోండి." రాసింది ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ఎనిమిదేళ్లుగా మా నూనె వాడిన ఇల్లే. ఒక్కసారి దుకాణానికి వచ్చి నన్నే అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ మనసులో ఉంది. కానీ అడిగినవాళ్లకు నేను చెప్పింది కూడా అబద్ధమే కదా. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చుక్క మీలో చాలామందికి తెలుసు. తెల్ల పిల్లి, నుదుటి మీద బొట్టు పెట్టినట్టు నల్ల మచ్చ. నాలుగేళ్ల కింద వానాకాలంలో ఖాళీ గోనె సంచుల కుప్పలో దొరికింది, అప్పటికి కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. మా ఆవిడ దూదితో పాలు తాగించి బతికించింది. అది వచ్చాక మా దుకాణంలో ఎలుక బస్తా కొరికిన రోజు లేదు. అంతకుముందు కూడా మేం ఎలుకల మందు ఏనాడూ పెట్టలేదు. నూనె తీసే చోట విషం ఉండకూడదని మా నాయన పెట్టిన కట్టుబాటు అది. ఎద్దు గానుగ పోయి కరెంటు మోటారు వచ్చినా ఆ మాట మాత్రం తప్పలేదు.

ఆ సోమవారం పొద్దున ఐదున్నరకు షట్టర్ ఎత్తితే చుక్క ఎదురు రాలేదు. చూస్తే డ్రమ్ముకు ఒరిగి కూర్చొని ఉంది. తల ఎడమ పక్కకు వాలిపోయింది. దగ్గరికి వెళ్లి మొహం చూస్తే రెండు కళ్లూ మగ్గం మీద నాడె తిరిగినట్టు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, ఒక్కచోట నిలవడం లేదు. నన్ను చూసి లేవబోయింది. రెండడుగులు వేసి ఎడమకు పడి ఒక పొర్లు పొర్లింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. నోటి నుంచి చొంగ, ఆ వెంటనే వాంతి. ముందు రోజు రాత్రి పదింటికి నా కాళ్ల దగ్గర గుడ్డు తిన్న పిల్లి ఇది.

పక్కవాళ్లు పక్షవాతం అన్నారు, ఒకాయన గాలి సోకిందన్నాడు, దిష్టి తీయమన్నారు. మా అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది కూడా. నేను దాన్ని పాత పంచెలో చుట్టుకొని ఇక్కడి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన టార్చి వేసి చెవులు చూశారు, చిగుళ్లు చూశారు, జ్వరం చూశారు. 101 ఉంది, పిల్లికి అది మామూలేనట. మనుషుల మాత్ర ఏదైనా వేశారా, ముఖ్యంగా పారాసిటమాల్? కుక్కలకు పిడుదుల కోసం రాసే మందు దీనికి రాశారా? అని అడిగారు. ఈ రెండూ పిల్లికి ప్రాణాంతకం కావచ్చని అప్పుడే తెలిసింది. మీ ఇళ్లలో పిల్లులుంటే ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంకో మాట కూడా చెప్పారు: రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని, అసలు జబ్బు కంటే అదే పెద్ద ప్రమాదమవుతుంది, ఎలాగైనా కడుపులో ఏదో ఒకటి పడాలి. వాంతి ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకుపొమ్మన్నారు.

మంగళవారం కారు మాట్లాడుకొని వెళ్లాం. రక్త పరీక్షలో కిడ్నీ, కాలేయం, షుగర్ అన్నీ బాగున్నాయి. చెవి లోపల చీము లేదు, గడ్డ లేదు. పచ్చి చేపలు ఎక్కువ పెడతారా అని అడిగారు, అవే తింటూ ఉంటే బీ1 విటమిన్ తగ్గి నరాల మీద పడుతుందట. మేం పెట్టం. అన్నీ చూశాక డాక్టరమ్మ చెప్పింది ఇది: మనిషికైనా పిల్లికైనా లోపలి చెవిలో ఒళ్లు నిలబెట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అక్కడ ఏదో దెబ్బతింది. చాలా పిల్లుల్లో దీనికి కారణం దొరకదు. ఇడియోపతిక్ అంటారు. ప్రత్యేకంగా మందు లేదు, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. తగ్గకుండా ముదిరితే స్కానింగ్ తీయాలి.

కారణం లేదంటే నాకు మింగుడు పడలేదు. గింజ ముక్కిన వాసన వస్తే ఎందుకు వచ్చిందో చెప్పగలను, నూనె చేదెక్కితే ఎందుకు చేదెక్కిందో చెప్పగలను. నా కళ్ల ముందు పెరిగిన జీవికి ఏమైందో చెప్పేవాళ్లు లేకపోవడమేంటి? ఈమధ్య దుకాణంలోకి కొత్తగా ఏదైనా వచ్చిందా అని ఆమె అడిగినప్పుడు ఒక్కసారిగా నా ఒళ్లు చల్లబడింది. శనివారమే 22 బస్తాల పల్లి గింజలు దిగాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. బస్తాలు దించేటప్పుడు వెల్లుల్లి కుళ్లినట్టు ఒక వాసన నా ముక్కుకు తగిలింది. లారీలో అంతకుముందు ఏదో సరుకు తెచ్చి ఉంటారని ఊరుకున్నాను. పండుగల గిరాకీ ముందుంది, గానుగ ఆపడం ఇష్టం లేదు. ఆ సాయంత్రం, ఆదివారం కలిపి ఆరు బస్తాలు ఆడించేశాను.

బుధవారం తిరిగి వచ్చి మిగతా 16 బస్తాలూ ఒక్కొక్కటి పక్కకు లాగి చూశాను. అడుగున రెండు బస్తాల మధ్య అరచేతిలో పట్టేంత గుడ్డ సంచి. విప్పితే బూడిద రంగు పొడి. ఎరువుల కొట్టు నడిపే మా బామ్మర్దికి చూపిస్తే వెంటనే చెప్పాడు: అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు కరిగి మిగిలిన పొడి. గోదాముల్లో పురుగు పట్టకుండా పెట్టేవే. గాలిలో తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది, మూడు గ్రాముల బిళ్లకు ఒక గ్రాము గ్యాస్. పెట్టడం తప్పు కాదు, తెలిసినవాళ్లు లెక్క ప్రకారం పెట్టి, తర్వాత పొడి తీసేసి, సరుకుకు బాగా గాలి ఆడనిచ్చాకే బయటికి పంపాలి. నాకు ఆ పొడితో సహా పంపించారు, ఒక్క మాట చెప్పకుండా.

పదకొండేళ్లుగా ఆ వ్యాపారి దగ్గరే కొంటున్నాను. ఒక్కనాడు డబ్బు ఆపలేదు. ఫోన్ చేసి, "సేటూ, బస్తాల్లో ఏం పెట్టిండ్రు, నాకెందుకు చెప్పలే?" అని అడిగాను. "అందరికీ అదే పోతది, ఎవ్వరూ అడగలే. నీ ఒక్కనికే ఏమైంది? పిల్లి కోసం ఇంత లొల్లా?" అన్నాడు. పిల్లి సంగతి పక్కన పెట్టండి. ఆ బస్తాల పక్కనే మా హమాలీ మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తాడు. మా చిన్నోడు స్కూలు నుంచి రాగానే వాటి మీదెక్కి ఆడతాడు. అదే చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. మర్నాడు 16 బస్తాలు నా కిరాయితో వెనక్కి పంపించాను. బస్తాకు ఇంతని కోత పెట్టుకొని తీసుకున్నాడు. ఆ లెక్క తేలిపోయింది, ఇక ఆ గడప తొక్కేది లేదు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వచ్చి రాజీ పడమన్నారు. పడను.

రాజేంద్రనగర్ డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆ పొడి సంగతి చెప్పాను. ఆ గ్యాస్ గట్టిగా తగిలితే ముందు ఊపిరితిత్తులు, గుండె దెబ్బతిని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, చుక్కకు వచ్చినదాని తీరు అది కాదనిపిస్తోంది అన్నారు. కాబట్టి ఆ బస్తాల వల్లే చుక్కకు ఇలా అయిందని నేను అనడం లేదు. అనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇక మిగిలింది ఆరు బస్తాల నూనె. 300 కిలోల గింజ, 120 లీటర్లు, 15 లీటర్ల డబ్బాలు ఎనిమిది. మడ్డి దిగడానికి వరుసగా పెట్టి ఉన్నాయి, అందులో ఒక్క చుక్క కూడా మీకు అమ్మలేదు. ఆ నూనె గురించి నేను పడ్డ టెన్షన్ నా పెళ్లికి అప్పు చేసినప్పుడు కూడా పడలేదు. హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు శాంపిల్ పంపించాను, బూజు విషం అఫ్లటాక్సిన్ కూడా చూడమని అడిగాను. వానాకాలంలో నిల్వ గింజకు తేమ తగిలితే ఆ బూజు పడుతుంది. రిఫైన్డ్ నూనెను శుద్ధి చేసేటప్పుడు ఆ విషం చాలావరకు పోతుంది, మన గానుగ నూనెలో అలా పోదు. అందుకే మాకు గింజే ముఖ్యం. తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. అంతా పరిమితి లోపలే ఉంది.

మా ఆవిడ ఊపిరి పీల్చుకొని, "ఇంకేం, పట్టించెయ్యి" అంది. నేను సీసాలు కడిగి ఆరబెట్టాను, గరాటు పెట్టాను. మొదటి సీసా సగం నిండాక చెయ్యి ఆగిపోయింది. రిపోర్టు మీరడిగితే చూపిస్తాను, అందులో తప్పేం లేదు. కానీ ఈ నూనెతో మా పిల్లలకు పూరీలు చేస్తామా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటే, మా ఇంట్లో దాన్ని పొయ్యి ఎక్కించడానికి నాకే మనసు రాలేదు. నా ఇంటికి వద్దన్నది మీకెలా పోస్తాను? రెండు రాత్రులు మా ఇద్దరికీ ఇదే గొడవ. లీటరు 360 చొప్పున 43,200 రూపాయలు. చివరికి సబ్బులు చేసే ఒకాయనకు లీటరు 90కి ఇచ్చేశాను. 10,800 వచ్చింది. తక్కువకిస్తే వంటకు తీసుకుంటామని అడిగినవాళ్లకు కూడా ఇవ్వలేదు. పల్లి చెక్క కూడా బర్రెల వాళ్లకు అమ్మలేదు. బూజు విషం ఉంటే ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, అక్కడి నుంచి పాలల్లోకి దిగుతుంది. గుంట తీసి పూడ్చేశాను.

షట్టర్ దించకముందు మీరు కొన్నది పాత గింజల నూనె. అయినా అనుమానం ఉంటే సీసా తెరిచి వాడినా సరే తీసుకురండి, మొత్తం డబ్బు ఇస్తాను. ఇప్పటికి నలుగురు తెచ్చారు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. నువ్వుల నూనె, కుసుమ నూనెలకు ఈ గొడవతో సంబంధం లేదు. పల్లి నూనె మళ్లీ మొదలైంది. ఈసారి నాగర్‌కర్నూల్ వైపు ఇద్దరు రైతుల దగ్గర యాసంగి కాయ నేరుగా కొని, ఇక్కడే ఒలిపించి ఆడిస్తున్నాను. ఖర్చు పెరిగింది, లీటరు మీద 20 రూపాయలు పెంచక తప్పలేదు. కొత్త పంట వచ్చేదాకా ఇదే ధర. సరుకు తక్కువే, దసరాకు కావాల్సినవాళ్లు ముందే చెప్పండి.

ఇంకొకటి. రిటైరైన ఒక టీచరమ్మ నేరుగా దుకాణానికే వచ్చి, "పిల్లికి ఏమైంది నాయనా?" అని ముందు దాని సంగతి అడిగి, తర్వాత నూనె గురించి అడిగారు. వెళ్తూ వెళ్తూ, "అయినా నూనె తీసే గదిలో పిల్లి ఎందుకు?" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది, కానీ ఆమె చెప్పింది నిజం. ఆహారం తయారయ్యే చోట జంతువులు ఉండకూడదని లైసెన్సు నిబంధనల్లోనే ఉంది. నాలుగేళ్లు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు గానుగ గదికి జాలీ తలుపు పెట్టించాను, చుక్క వెనక ఇంటివైపే ఉంటుంది. ఎలుకలకు బోన్లు తెచ్చాను. మందు మాత్రం పెట్టను. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దయచేసి ఆ మాట మళ్లీ నా ముందు అనొద్దు.

మూడో రోజుకు దాని కళ్లు నిలబడ్డాయి. ఐదో రోజు మా ఆవిడ వేలి మీద ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన పెడితే నాకింది. అట్టపెట్టెలో గోనె పరిచి, గోడవారగా పెట్టాం, పడినా దెబ్బ తగలకుండా. ఇప్పుడు నాలుగో వారం. నడుస్తోంది, మెట్టు ఎక్కుతోంది, దూకడానికి మాత్రం ఆలోచిస్తోంది. తల ఇంకా కొంచెం ఎడమకు వాలే ఉంది. అది అలాగే ఉండిపోవచ్చన్నారు. చూడాలని అడుగుతున్న పిల్లల్ని సాయంత్రం ఐదు తర్వాత వెనక గేటు నుంచి పంపండి. ఎడమ పక్క నుంచి చెయ్యి పెట్టొద్దని చెప్పండి, ఉలిక్కిపడుతుంది.