గుండెకు ఎదురొచ్చే బరువు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

ఒరేయ్ శీనూ,

"నాకే బాధా లేదు, మెట్లు ఎక్కుతున్నా, నిద్ర పడుతోంది, ఇంకెందుకురా బీపీ మాత్రలు" అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెప్తే సగంలోనే మాట మారుస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని మొత్తం చదువు, చెల్లెమ్మకి కూడా చూపించు.

నువ్వు పంపిన ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చూశాను. ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం పంపే గుండె గది, దాని గోడ మందం 13 మిల్లీమీటర్లు అని ఉంది. మామూలుగా అది ఒక సెంటీమీటరు దాటదు. "కండ పెరిగితే మంచిదేగా" అని అడిగావు. ఎకో గదిలో పొద్దస్తమానం గుండెల్నే చూసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, నీ గుండె బలిసి లావెక్కలేదు, మోయలేని బరువు మోసి మోసి లావెక్కింది. ఆ బరువేంటో చెప్తా.

ఎడమ జఠరిక ముడుచుకోగానే రక్తం బయటికి దూకేస్తుందని అనుకుంటాం. అలా జరగదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమనిలో అప్పటికే ఉన్న రక్తం, మధ్యలో తలుపులా ఉండే కవాటాన్ని అవతలి నుంచి మూసి పట్టుకుని ఉంటుంది. జనం ఆనుకుని నిలబడ్డ తలుపును ఇవతలి నుంచి తోస్తే ఎలా ఉంటుందో అలా. లోపలి ఒత్తిడి అవతలి దాన్ని మించితేనే అది తెరుచుకుంటుంది. బీపీ రాసేటప్పుడు కింద వేసే అంకె సుమారుగా ఆ హద్దు. అందరికీ 80 దగ్గర ఉంటే నీకు 100. అంటే ఒక్క చుక్క కూడా కదలకముందే నీ గుండె ఆ అదనపు 20 కోసం బిగుసుకోవాలి. అదీ రోజుకు దాదాపు లక్ష సార్లు.

1733లో స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండ్ ఆయన ఒక ప్రయోగం గురించి రాశాడు. గుర్రం ధమనికి పొడవాటి గాజు గొట్టం బిగిస్తే రక్తం ఎనిమిది అడుగుల పైకి ఎక్కిందట. ఆ లెక్కన మనిషికి బీపీ పై అంకె 120 అంటే ఐదడుగుల ఎత్తు రక్తం. నీ 150 అంటే ఆరడుగులు దాటుతుంది. నీ కంటే ఎత్తురా అది! పిడికిలంత కండ ప్రతిసారీ అంత ఒత్తిడి పుట్టించాలి.

ఇంకో విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కుడి జఠరిక కూడా నిమిషానికి అదే ఐదు లీటర్లు పంపుతుంది, కాకపోతే ఊపిరితిత్తులకి. దాని గోడ మూడు, నాలుగు మిల్లీమీటర్లే. ఊపిరితిత్తుల నాళాలు అంత సులువుగా దారిస్తాయి కాబట్టి అక్కడ సగటు ఒత్తిడి 15 ఉంటే చాలు. ఒంట్లోకి పంపాలంటే 90 పైన కావాలి. రక్తం అదే, లీటర్లు అవే, తేడా అంతా ఎదురొచ్చే నిరోధంలోనే ఉంది.

ఆ నిరోధం ఎక్కువగా పెద్ద ధమనుల్లో ఉండదు. కేశనాళికలు అన్నిటికంటే సన్నవే అయినా కోట్ల కొద్దీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి దారి ఇస్తాయి. అసలు బిగింపంతా వాటికి ముందుండే బుల్లి ధమనికల్లో. వాటి గోడల్లో కండ ఉంటుంది, నరాలు చెప్తే ముడుచుకుంటుంది, హార్మోన్లు చెప్తే ముడుచుకుంటుంది. ఫ్రాన్సు డాక్టరు పోయిజీ 1840ల్లో సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి తేల్చిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. గొట్టం సగానికి సన్నబడితే నిరోధం పెరిగేది రెండింతలు కాదు, పదహారింతలు. పది శాతం సన్నబడినా సగానికి సగం పెరుగుతుంది. అంత చిన్న బిగింపు నీకెలా తెలుస్తుంది చెప్పు? నొప్పి పుట్టదు, వాపు రాదు.

అందుకే "బాధ లేదు" అన్న నీ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. బాధ లేకుండా చూస్తున్నది ఆ 13 మిల్లీమీటర్ల గోడే. మందం పెరిగితే ఒక్కో కండ పోగు మీద పడే భారం తగ్గుతుంది, కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. కానీ ఆ గోడ రానురాను గట్టిపడుతుంది. ముడుచుకోవడం బాగానే ఉన్నా, సరిగ్గా సాగి రక్తం నింపుకోవడం దానికి కష్టమవుతుంది. అప్పుడు మొదలవుతుంది ఆయాసం. ఆ దశలో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నీ మాటే అంటారు, ఇన్నాళ్లూ ఏమీ లేదండీ అని.

డాక్టరు రాసిన టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ రెండూ ఆ ధమనికల బిగింపును వదులు చేసేవే. గుండెను ఉరికించే మందులు కావవి, దాని దారికి అడ్డు తగ్గించేవి. బీపీ అదుపులో ఉంటే మందమెక్కిన గోడ నెలలు, ఏళ్ల మీద మళ్లీ తగ్గడం నేనే ఎకోలో చూశాను. ఇంతకంటే సంతోషం కలిగించేది నా పనిలో ఇంకోటి లేదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. నీకు అలా అయితే డాక్టరుకి చెప్పు, మారుస్తారు. నీ అంతట నువ్వు మానేయకు.

నడక మానకు. నడిచేటప్పుడు కాళ్ల కండరాల్లో ధమనికలు తెరుచుకుని నిరోధం దిగుతుంది. ఊపిరి బిగబట్టి బరువులెత్తితే మాత్రం అదే నిరోధం ఎగబాకుతుంది కాబట్టి గ్యాస్ సిలిండర్ పై అంతస్తుకు మోసే పని ఇక నీది కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక చిన్న చెంచా, అందులోనే కూరా, పప్పూ, ఆవకాయా అన్నీ. ఆవకాయ మానమంటే నువ్వు మానవని తెలుసు, కనీసం రెండు పూటలా వద్దు.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. ఇందిరా పార్కులో నడుద్దాం, తర్వాత మా ఇంట్లో బీపీ చూస్తాను. చూసే ముందు అరగంట పాటు టీ వద్దు, ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. మాత్రల డబ్బా కూడా తెచ్చుకో. ఎన్ని మిగిలాయో చూస్తాను, సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ
రమణ