కొత్త సెటప్ ఫైల్ వస్తోంది: మా కస్టమర్లు ముందే తెలుసుకోవలసిన సంగతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న బట్టల షాపులు, మందుల షాపులు, పలాస జీడి మిల్లుల వారందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి మా కొత్త వెర్షన్ ఒకే ఒక్క సెటప్ ఫైల్‌గా మీకు అందుతుంది. ఎవరి సాయం లేకుండా మీరే ఎక్కించుకోవచ్చు. ఇందులో ఏం మారింది, ఎవరికి ఇబ్బంది ఉంటుంది అన్నది ఉన్నదున్నట్టు చెబుదామని ఇది రాస్తున్నాను.

ఇంతవరకూ కొత్త కంప్యూటర్ కొన్నా, పాతది ఫార్మాట్ చేసినా మా కుర్రాడు వచ్చేదాకా మీ కౌంటర్ ఆగేది. ఇచ్ఛాపురంలో పొద్దున్న సిస్టమ్ పోతే, శ్రీకాకుళం నుంచి మనిషి బయల్దేరి వెళ్ళి పని పూర్తిచేసేసరికి సాయంత్రమయ్యేది. సంక్రాంతి ముందు బట్టల షాపులో పూట బేరం చేతిరాత బిల్లుల మీద నడపడం ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రోగ్రాం ఎంత బాగున్నా మీ మెషీన్‌లోకి ఎక్కకపోతే మీకు ఒరిగేదేమీ లేదు. అందుకే ఈసారి కొత్త రిపోర్టులు, కొత్త స్క్రీన్లు అన్నీ ఆపి, ఇన్‌స్టలేషన్ ఒక్కదాని మీదే పనిచేశాం. వాటి కోసం ఎదురుచూస్తున్నవారు ఇంకొంతకాలం ఆగాలి.

ప్యాకేజీ, అంటే ఈ సెటప్ ఫైల్, తయారీకి దారులు చాలా ఉన్నాయి. విక్స్ అనే టూల్‌లో అయితే ప్రతిదీ ఎక్స్‌ఎంఎల్ అనే గుర్తుల భాషలో రాసుకోవాలి. ఇన్నో సెటప్ అనే ఇంకో టూల్‌లో స్క్రిప్టు రాయాలి. రెండూ మంచివే. మేము మాత్రం అడ్వాన్స్‌డ్ ఇన్‌స్టాలర్ అనే గ్రాఫికల్ టూల్ తీసుకున్నాం. ఫైళ్ళు, ముందుగా ఉండాల్సిన సాఫ్ట్‌వేర్లు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), అప్‌గ్రేడ్‌లు, ఇలా ఒక్కోదానికి ఒక్కో పేజీ ఉంటుంది. మాది చిన్న ఆఫీసు. ప్యాకేజీ ఎలా కట్టారన్నది ఒక్క మనిషికే తెలిసి ఉంటే, ఆ మనిషి సెలవు పెట్టిన రోజు మీ పని ఆగుతుంది. ఇప్పుడు మీ ఫోన్లు ఎత్తే అమ్మాయి కూడా ఆ టూల్ తెరిచి, ఏ ఫైల్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్తోందో చూసి మీకు జవాబు చెప్పగలదు. నా దృష్టిలో గ్రాఫికల్ టూల్ అసలు లాభం ఇదే.

అయితే బటన్లు నొక్కితే ప్యాకేజీ వచ్చేస్తుంది కానీ, అది సరైన ప్యాకేజీ అవుతుందన్న హామీ లేదు. లోపల పనిచేసేది 1999లో ఆఫీస్ 2000తో పాటు వచ్చిన విండోస్ ఇన్‌స్టాలరే, అంటే ప్రోగ్రాంలను ఎక్కించే విండోస్ సొంత వ్యవస్థే. దాని నియమాలు దానికున్నాయి. ఉదాహరణకు వెర్షన్ నంబర్. అంకెలతో నాలుగు భాగాలు రాసినా అది పోల్చి చూసేది మొదటి మూడింటినే. నాలుగోది మాత్రమే మార్చి కొత్త ప్యాకేజీ ఇస్తే, దానికి అది కొత్త వెర్షన్‌లా కనిపించదు. కాబట్టి ఇకపై మా వెర్షన్ నంబర్లు మూడు భాగాలతోనే ఉంటాయి. అలాగే మా ప్రోగ్రాంని గుర్తుపట్టడానికి అప్‌గ్రేడ్ కోడ్ అని ఒకటుంటుంది. ఉత్పత్తి బతికున్నంతకాలం అది మారకూడదు. దాన్ని బట్టే కొత్త సెటప్ పాత వెర్షన్ ఎక్కడుందో కనుక్కుని, తీసేసి, కొత్తది పెడుతుంది. మీరు పాతదాన్ని చేత్తో అన్‌ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. దయచేసి చేయవద్దు కూడా.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మీ డేటా మీద పెట్టాం. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే డేటా ఉంచడం మామూలు. దాని తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో రాయడానికి అడ్మిన్ హక్కు కావాలి. ఆ హక్కు లేకుండా పాత పద్ధతి ప్రోగ్రాం రాయబోతే, విండోస్ ఆ ఫైల్‌ని ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లో వేరే చోటికి మళ్ళిస్తుంది. అప్పుడు యజమాని లాగిన్‌లో ఉన్న బిల్లులు గుమాస్తా లాగిన్‌లో కనిపించవు. కొత్త సెటప్ మీ డేటాని యూజర్లందరికీ ఉమ్మడిగా ఉండే ప్రోగ్రాండేటా ఫోల్డర్‌లోకి చేరుస్తుంది. అక్కడ కూడా ఒకరు సృష్టించిన ఫైల్‌ని ఇంకో మామూలు యూజర్ మార్చలేడు. ఆ అనుమతులు కూడా సెటప్పే ఇస్తుంది. డేటా ఫైల్‌కి శాశ్వతమనే గుర్తు పెట్టాం కనుక, ప్రోగ్రాం తీసేసినా మీ లెక్కలు కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఏళ్ళ తరబడి రాసుకున్న ఖాతా పుస్తకం ఒక తప్పు క్లిక్‌తో పోకూడదు.

కరెంటు సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఎంత అంధకారంలో ముంచిందో మనం చూశాం. అంత కాకపోయినా, మన ఊళ్ళలో ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోవడం వింత కాదు. విండోస్ ఇన్‌స్టాలర్ వాడే ఈ ఎంఎస్‌ఐ పద్ధతి తీసుకోవడానికి ముఖ్య కారణం ఇదే. మార్చబోయే ప్రతి ఫైల్ పాత కాపీని అది ముందు దాచుకుంటుంది. మధ్యలో ఆగిపోతే, మళ్ళీ సెటప్ తెరిచినప్పుడు పాత పని సగంలో ఉందని చెప్పి, దాన్ని వెనక్కి తిప్పమంటారా అని అడుగుతుంది. ఒప్పుకోండి. పాత స్థితి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టండి.

సెటప్ తెరలు తెలుగులో ఉండాలని నేను పట్టుబట్టాను. దీనికి చాలా శ్రమపడ్డాం. విండోస్ ఇన్‌స్టాలర్ కోడ్‌పేజీల (ఒక్కో భాషా గుంపు అక్షరాలకు ఒక్కో పట్టిక) కాలంలో పుట్టింది. విండోస్ మామూలుగా వాడే అలాంటి కోడ్‌పేజీ తెలుగుకు లేదు, మన లిపి విండోస్‌లో అన్ని భాషలకూ ఒకటే పట్టిక అయిన యూనికోడ్ మీదే నడుస్తుంది. అందుకని ప్యాకేజీని యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లో కట్టి, తెరలకు నిర్మలా యూఐ ఫాంటు పెట్టి, ప్రతి తెరనూ వేర్వేరు మెషీన్ల మీద చూశాం. మేము రాసిన మాటలన్నీ తెలుగులో వస్తాయి. విండోస్ తనంతట తాను చూపించే కొన్ని సందేశాలు ఇంగ్లీషులోనే వస్తాయి. వాటిని మేము మార్చలేం.

ఇక ఒక హెచ్చరిక. ఫైల్ మీద మా డిజిటల్ సంతకం ఉంటుంది. 2023 జూన్ 1 నుంచి ఈ సంతకానికి వాడే డిజిటల్ తాళంచెవి ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న నియమం వచ్చింది. దానికి ఖర్చయింది, అది మేమే భరిస్తున్నాం. ఈ ఏడాది మీ వార్షిక చార్జీ పెంచడం లేదు. అయినా మొదటి కొన్ని రోజులు కొందరికి విండోస్ రక్షణ ఫీచర్ అయిన స్మార్ట్‌స్క్రీన్ నీలం తెర వచ్చి ఆపుతుంది. కొత్త ఫైల్‌ని తగినంతమంది వాడేదాకా విండోస్ దాన్ని నమ్మదు. అప్పుడు మోర్ ఇన్ఫో నొక్కి పబ్లిషర్ దగ్గర మా సంస్థ పేరు ఉందేమో చూడండి. ఉంటేనే రన్ ఎనీవే నొక్కండి. పేరు లేకపోయినా, వేరే పేరున్నా ఆపి మాకు ఫోన్ చేయండి. తెలిసినవాళ్ళు వాట్సాప్‌లో పంపిన సెటప్ ఫైల్ ఎంత మంచి మనసుతో పంపినా వాడొద్దు.

విండోస్ 7 వాడుతున్నవారికి చేదు మాట. కొత్త సెటప్ అందులో మొదలవదు, మొదట్లోనే ఆగి కారణం చెబుతుంది. నడిపించలేక కాదు, ఇది మా నిర్ణయం. 2020 జనవరి 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పన్ను లెక్కలున్న మెషీన్‌ని అలా వదిలేయడం మీకే ప్రమాదం. మీ పాత వెర్షన్ యథాతథంగా పనిచేస్తుంది, ఫోన్‌లో సాయం చేస్తాం, కొత్తవి మాత్రం రావు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ఆగిపోయింది. అందులో మా సాఫ్ట్‌వేర్ ఇప్పటికి నడుస్తుంది. కొత్త కంప్యూటర్ కొనేవారు మాత్రం విండోస్ 11 ఉన్నదే తీసుకోండి.

నెట్ సరిగా లేని మిల్లులకు వేరే ఫైల్ ఉంది. ప్రోగ్రాంకి కావలసిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ డాట్‌నెట్ 4.8 కూడా అందులోనే ఉంటుంది కనుక సైజు పెద్దది. పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఆఫీసులో ఎక్కించి ఇస్తాం. ప్రింటర్, బార్‌కోడ్ మెషీన్ పనులకు మా కుర్రాళ్ళు ఎప్పటిలాగే వస్తారు.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ రోజు బిల్లులు ముగించి, బ్యాకప్ తీసి, దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మూడు నాలుగు కంప్యూటర్లున్న షాపులు సర్వర్ మెషీన్‌తో మొదలుపెట్టి, తర్వాత కౌంటర్లకు వెళ్ళండి. సోమవారం నుంచి ఆ వారమంతా రాత్రి తొమ్మిది దాకా ఫోన్ దగ్గర మనిషి ఉంటాడు.