తేమలో ఆరే పూత

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. లక్క పని బొమ్మలకూ భరిణెలకూ తప్ప శిల్పానికి పనికిరాదని మీ కళాశాలలో ఒకరు అన్నారని రాశావు. ఏటికొప్పాకలో అంత ఇష్టంగా నేర్చుకున్నదాన్ని వదిలేయాలా అని అడిగావు. వద్దమ్మా. నేను సర్దిచెప్పడం కన్నా జపాన్‌లోని క్యోటోకు చెందిన గెంత ఇషిజుక పని ఒకసారి చూడు.

1982లో పుట్టిన ఈయన ఉరుషి అనే చెట్టు పాలతో శిల్పాలు చేస్తాడు. 2019లో లోవె క్రాఫ్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ హస్తకళా పురస్కారం తుది జాబితాలో 29 మంది ఉంటే బహుమతి ఈయన శిల్పాన్ని వరించింది. సూపర్ మార్కెట్‌లో వల సంచిలో నారింజలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉండటం చూసి ఆ శిల్పం ఆలోచన వచ్చిందట. థర్మోకోల్ బంతులను సాగే బట్టలో బిగించి, పైన ఉరుషి పూతలు వేశాడు. రెండు బంతుల నడుమ బట్ట బిగుసుకుని లోయలా దిగుతుంది చూడు, అక్కడ ఆగి చూడు. వెలుతురు ఒక ఉబ్బు మీది నుంచి జారి ఆ లోయలో సన్నని గీతై, మళ్లీ పక్క ఉబ్బు మీద విప్పారుతుంది. అది గిన్నె కాదు, పెట్టె కాదు. ఏదో ఒక వస్తువును కప్పడానికి పుట్టిన పూత ఇక్కడ తానే వస్తువైంది.

అలాగని ఆయన సంప్రదాయాన్ని తోసిపుచ్చలేదు. నారా నగరంలోని కొఫుకుజి ఆలయంలో 734 నాటి అషుర విగ్రహం ఉంది. మూడు ముఖాలు, ఆరు చేతులు. మన అసురుడే బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్లాడు. మట్టి అచ్చు మీద నారబట్టను ఉరుషితో పొరలు పొరలుగా అంటించి, గట్టిపడ్డాక లోపలి మట్టి తీసేసి చేసిన విగ్రహం అది. బట్టా పూతా కలిస్తే శరీరం అవుతుందని వాళ్లకు అప్పుడే తెలుసు. ఇషిజుక పట్టుకున్నది ఆ దారినే.

రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కదా, నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ పాల స్వభావం. ఉరుషి మామిడి, జీడి, నల్లజీడి కుటుంబానికి చెందిన చెట్టు. మామిడి సొన తగిలి నీ చెంప పొక్కింది గుర్తుందా? ఉరుషి పాలు అంతకన్నా ఘాటు. దాని ఆరుదల ఇంకా వింత. ఎండలో పెడితే ఆరదు. తేమ నిండిన చెక్క అరలో, వెచ్చగా ఉంచితేనే గట్టిపడుతుంది. పాలలో ఉండే లాకేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో ఆ పని చేయిస్తుంది, దానికి తేమ కావాలి. యోషిద అనే జపాన్ శాస్త్రవేత్త 1883లో దాన్ని కనిపెట్టాడు. ఒక పూత ఆరాక బొగ్గుతో నునుపు చేసి, దుమ్ము లేకుండా తుడిచి, మరో పూత. తొందరపడి మందంగా పూస్తే పైపొర ముడతలు పడుతుంది. పదేళ్లకు పైగా పెంచిన చెట్టు ఒక్క కాలంలో ఇచ్చేది దాదాపు 200 గ్రాములు. ఆ తరువాత దాన్ని నరికేస్తారు. అంత ఖరీదైన చుక్కను వాడుకలేని రూపానికి పోయడానికి ఎంత నమ్మకం ఉండాలి!

మన లక్క వేరు, పురుగు ఇచ్చేది, వేడికి కరిగి తిరిగే అంకుడు కర్రకు పట్టుకునేది. కాబట్టి ఉరుషి చేసినదంతా లక్క చేయజాలదు, చేయించాలనీ చూడకు. లేత్ మీద రాపిడి వేడికి లక్క మెత్తబడి, కర్ర మీద పాకి, చల్లబడగానే నిలిచిపోయే ఆ క్షణం ఉందే, అది ఉరుషికి లేదు. ఆ క్షణాన్ని చూపించే రూపం ఏమిటో నువ్వు వెతుకు. మీ వాళ్లు శిల్పం అంటారో బొమ్మ అంటారో తరువాత చూద్దాం.

పండక్కి వచ్చేటప్పుడు రెండు మూడు ముక్కలు తీసుకురా, రంగు కలపనివి. లక్క ఎంత వేడికి మెత్తబడుతుందో ఇంట్లోనే కొలిచి చూద్దాం, థర్మామీటర్ నా దగ్గరుంది.

ప్రేమతో,
నాన్న